ఆకలిని అణచే మందులు: వాడవలెనా, మానవలెనా?

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. తిండి కరువైన కాలంలో పుట్టిన సామెత అది. ఇప్పుడు మన మధ్యతరగతి ఇండ్లలో బాధ వేరుగా ఉన్నది. వంటింట్లో అన్నీ ఉన్నాయి, ఆకలీ ఉన్నది, కాని తూకపు యంత్రం ఎక్కిన ప్రతిసారీ భయం కలుగుతున్నది. ఈ పరిస్థితిలో "వారానికొక సూది వేయించుకుంటే ఆకలే వేయదట, పది పన్నెండు కిలోలు తగ్గుతారట" అనే మాట చెవిన పడితే ఎవరి మనస్సయినా అటు లాగుతుంది. ఆ సూది వేయించుకోవచ్చునా? ఎవరికి తగును, ఎవరికి తగదు? ఆశకు, భయానికి లొంగకుండా ఈ విషయాన్ని విచారించుకుందాం.

అతి ఆకలి దోషమా, వ్యాధి లక్షణమా?

లావుగా ఉన్నవారిని చూడగానే "నోరు కట్టుకోలేరు" అని తేలికగా అనేస్తాము. చరక మహర్షి ఆ మాట అనలేదు. చరక సంహిత సూత్రస్థానంలోని ఇరవై యొకటవ అధ్యాయంలో అతిస్థూలునికి కలిగే ఎనిమిది దోషాలు చెప్పబడినాయి. ఆయుస్సు తగ్గుట, చురుకుదనం లోపించుట, దాంపత్య సుఖానికి కష్టం, దుర్బలత్వం, దుర్గంధం, అధిక స్వేదం, అతి ఆకలి, అతి దప్పిక అనేవి ఆ ఎనిమిది. అనగా అతి ఆకలిని స్థౌల్యం యొక్క లక్షణాలలో ఒకటిగా లెక్కించారు. మేదస్సు స్రోతస్సులను అడ్డగించగా వాయువు కోష్ఠంలోనే సంచరించి జఠరాగ్నిని రగుల్చుతుందనీ, తిన్నది త్వరగా జీర్ణమై మరల ఆహారం కోరుతుందనీ అక్కడి వివరణ.

ఆధునిక శాస్త్రం వేరొక మార్గాన ఇంచుమించు ఇటువంటి స్థానానికే చేరినది. కొవ్వు కణాలనుండి వెలువడే లెప్టిన్ అనే హార్మోను 1994లోను, జీర్ణాశయంనుండి వెలువడి ఆకలి పుట్టించే గ్రెలిన్ 1999లోను కనుగొనబడినాయి. భోజనానంతరం పేగులనుండి జి.ఎల్.పి.-1 అనే మరొక హార్మోను వెలువడి "ఇక చాలును" అని మెదడుకు తెలుపుతుంది. కష్టపడి బరువు తగ్గినవారిలో లెప్టిన్ పడిపోయి, గ్రెలిన్ పెరిగి, ఆకలి మునుపటికంటె అధికమవుతుంది. ఒక ఏడాది గడచిన తరువాత కూడ ఈ మార్పులు నిలిచి ఉన్నట్లు 2011లో ప్రకటితమైన ఒక అధ్యయనంలో తేలినది. పథ్యం చేసి తగ్గినవారు మరల పెరగడం వెనుక మనోబలం లోపించడం ఒక్కటే కారణం కాదని దీనివలన తెలుస్తున్నది. కావున మందు కావాలని అడిగిన ఇల్లాలిని ఇంట్లోవారు ఎగతాళి చేయుట న్యాయం కాదు.

గతంలో ఏమి జరిగినది?

ఆకలిని అణచే మాత్రలు కొత్తవేమీ కావు. ఫెంటర్మిన్ అనే మందుకు అమెరికాలో 1959లోనే అనుమతి లభించినది. అది కొద్ది వారాలపాటు మాత్రమే వాడుటకు ఉద్దేశింపబడినది. 1990ల మధ్యకాలంలో దానితో ఫెన్‌ఫ్లూరమిన్ అనే మందును జతచేసి అక్కడ లక్షలాది మందికి వ్రాసి ఇచ్చారు. బరువు తగ్గిన మాట నిజమే. కాని 1997 జూలైలో మేయో క్లినిక్ వైద్యులు ఈ జంట మందులు వాడిన 24 మంది స్త్రీలలో గుండె కవాటాలు దెబ్బతిన్నట్లు వెల్లడించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్, దాని సోదర ఔషధమైన డెక్స్‌ఫెన్‌ఫ్లూరమిన్ మార్కెట్టునుండి ఉపసంహరింపబడినాయి.

తరువాత వచ్చిన సిబుట్రమిన్ మన దేశంలోనూ విరివిగా అమ్ముడైనది. గుండె జబ్బు, మధుమేహం వంటివి ఉన్న దాదాపు పదివేల మందిపై జరిపిన పరీక్షలో అది గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశాన్ని పెంచుతున్నదని తేలగా, 2010లో ఐరోపా, అమెరికాలలో దానిని తొలగించారు. 2011 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం నిషేధించినది. రిమోనబాంట్‌కు 2006లో ఐరోపాలో అనుమతి లభించినది. తీవ్రమైన దిగులు, ఆత్మహత్యా తలంపులు కలుగుతున్నాయని 2008లో అక్కడ నిలిపివేశారు. 2009లో మన దేశంలోనూ నిషేధించారు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన లోర్కసెరిన్‌ను క్యాన్సర్ అనుమానం కారణంగా 2020లో తొలగించారు.

ఈ చరిత్రలో గమనింపదగినది ఒకటున్నది. ప్రతి మందూ మొదట బరువును తగ్గించినది. ఏళ్ల తరబడి వాడిన తరువాత, వేలమందిని పరిశీలించిన తరువాత మాత్రమే దాని అసలు మూల్యం తెలిసివచ్చినది.

నేటి సూదిమందులు

ఇప్పుడు ప్రచారంలో ఉన్న సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ మొదట మధుమేహం కొరకు వచ్చిన మందులు. సెమాగ్లుటైడ్ జి.ఎల్.పి.-1 వలె పనిచేస్తుంది. టిర్జెపటైడ్ దానితోపాటు మరొక పేగు హార్మోను పనిని కూడ చేస్తుంది. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మెదడులో తృప్తి త్వరగా కలుగుతుంది. మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలోను, స్థౌల్యం కొరకు సెమాగ్లుటైడ్ సూది 2025 జూన్‌లోను విక్రయానికి వచ్చినాయి.

వీటి బలాన్ని దాచిపెట్టుట తగదు. మధుమేహం లేని స్థూలకాయులు 68 వారాలు సెమాగ్లుటైడ్ వాడగా సగటున తమ బరువులో సుమారు 15 శాతం తగ్గారు. మందులేని సూది తీసుకున్నవారు 2.4 శాతమే తగ్గారు. అంతకుముందే గుండె, రక్తనాళాల వ్యాధి ఉండి, మధుమేహం లేని 17 వేలమందికి పైగా స్థూలకాయులపై జరిగి 2023లో వెల్లడైన మరొక పరిశీలనలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి అయిదవవంతు తగ్గినాయి. వెనుకటి మందులకు, వీటికి ఉన్న పెద్ద తేడా ఇది.

ఇక రెండవ వైపు చూడవలెను. సూది మానివేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు పరిశీలకులు చూపారు. ఎనభై కిలోలున్న మనిషి పన్నెండు కిలోలు తగ్గి అరవై ఎనిమిదికి చేరినాడనుకుందాం. మందు ఆపిన ఏడాదికి ఇంచుమించు డెబ్బై ఆరు కిలోల దగ్గర నిలుస్తాడన్నమాట. రక్తపోటు మాత్రవలె దీర్ఘకాలం వాడవలసిన మందు ఇది. "పెండ్లినాటికి సన్నబడి ఆపేస్తాను" అనుకొనేవారు ఈ లెక్కను ముందుగా చూసుకోవలెను. నెలనెలా అయ్యే ఖర్చు ఇంటి బడ్జెట్టులో ఎన్నేళ్లు ఇముడుతుందో కూడ భార్యాభర్తలు కలిసి కూర్చొని ఆలోచించుకోవలెను.

వికారం, వాంతి, విరేచనాలు, మలబద్ధకం సాధారణంగా కలుగుతాయి. మోతాదును మెల్లమెల్లగా పెంచితే చాలామందికి ఇవి సర్దుకుంటాయి. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమశోథ కలుగవచ్చును. విడవకుండా కడుపునొప్పి వచ్చి వీపులోకి పాకితే వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. కొవ్వుతోపాటు కండ కూడ తరుగుతుంది. అసలే పప్పు పలుచన, అన్నం అధికం అయిన మన భోజనంలో ఇది చిన్న విషయం కాదు.

వేగధారణమా ఇది?

చరక సంహితలోనే ఏడవ అధ్యాయంలో బలవంతంగా ఆపకూడని పదమూడు వేగాలలో ఆకలిని చేర్చారు. ఆకలిని ఆపితే శరీరం కృశించుట, దుర్బలత్వం, వర్ణం చెడుట, ఒళ్లునొప్పులు, అరుచి, తల తిరుగుట కలుగునని చెప్పబడినది. మరి మందుతో ఆకలిని తగ్గించుట శాస్త్ర విరుద్ధమా అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. దేహానికి నిజంగా అవసరమైన ఆకలిని చంపుకొనుట వేగధారణం. వ్యాధివలన పెరిగిన అతి ఆకలిని చికిత్సించుట వేరు. కాని ఈ రెంటి మధ్య గీత సన్నది. సూది వేసుకొని "ఆకలి లేదు గదా" అని రెండు పూటలూ మాని, కాఫీతో గడిపేవారు ఆ గీతను దాటుతున్నారు. వారిలో చరకుడు చెప్పిన నీరసం, తల తిరుగుట కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఎవరికి తగును?

బరువును కిలోలలో, ఎత్తును మీటర్లలో తీసుకొని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది శరీర ద్రవ్యరాశి సూచిక, అనగా బి.ఎం.ఐ. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థౌల్యం అని 2009లో మన నిపుణులు నిర్ణయించారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ఈ సూదిమందులు మాత్రం సాధారణంగా సూచిక 30 గాని అంతకుమించి గాని ఉన్నవారికి, లేదా 27 ఉండి దానితో మధుమేహం, రక్తపోటు వంటివి ఉన్నవారికి ఉద్దేశింపబడినాయి.

155 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఇద్దరు స్త్రీలను ఊహించండి. ఒకరి బరువు 74 కిలోలు. సూచిక దాదాపు 31. ఆమెకు రక్తపోటు ఉన్నది, మోకాళ్లు నొప్పి, ఏడాదిగా పథ్యం, నడక చేసినా ఫలితం స్వల్పం. ఆమె వైద్యునితో మందు విషయం మాట్లాడుట సమంజసం. రెండవవారు 62 కిలోలు. సూచిక 26 లోపు. జబ్బేమీ లేదు, పాత జాకెట్లు పట్టడం లేదన్న బాధ మాత్రమే ఉన్నది. ఆమెకు ఆహారం, వ్యాయామం చాలును. సూది అక్కరలేదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందులు వాడరాదు. సంతానం కోరేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపవలెను. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు గర్భనిరోధక మాత్రల బలం తగ్గవచ్చును. వంశంలో మెడుల్లరీ అనే ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి ఇవి నిషిద్ధం. క్లోమశోథ వచ్చినవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. ఇన్సులిన్, కొన్ని రకాల చక్కెర మాత్రలు వాడేవారికి రక్తంలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం కలదు. శస్త్రచికిత్సకు వెళ్లేవారు మత్తుమందు వైద్యునికి ఈ సూది సంగతి తప్పక తెలుపవలెను.

వైద్యుని అడుగవలసినవి

1. నా బరువుకు థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్ మందులు, మానసిక వ్యాధి మందులు వంటి వేరే కారణం ఉన్నదా? ముందుగా ఏ పరీక్షలు చేయించుకోవలెను?
2. ఈ మందు వలన నాకు తగ్గేది బరువు మాత్రమేనా, లేక రక్తపోటు, చక్కెర, మోకాళ్ల నొప్పి కూడానా?
3. ఎన్ని నెలలకు ఫలితం చూచి, లేకపోతే ఎప్పుడు మానవలెను?
4. మానిన తరువాత బరువు నిలుపుకొనుటకు ఏమి చేయవలెను?

వీటికి ఓపికగా సమాధానం చెప్పే వైద్యుని వద్దనే మందు తీసుకోండి. పొరుగింటివారి చీటీ చూపి కొనుట, సౌందర్యశాలలో వేయించుకొనుట ప్రమాదకరం.

మూలికల పేరిట జాగ్రత్త

"మూలికలే గదా, హాని ఏమిటి" అని కొందరు సన్నబరచే చూర్ణాలు కొంటున్నారు. మూలికా ఉత్పత్తులుగా అమ్మిన ఇటువంటి వాటిలో నిషేధింపబడిన సిబుట్రమిన్ రహస్యంగా కలిపి ఉన్నదని అమెరికా ఔషధ సంస్థ పలుమార్లు హెచ్చరించినది. ఎఫెడ్రా కలిసిన ఆహార ఉత్పత్తులను 2004లో అక్కడ నిషేధించారు. కేరళ వంటల్లో వాడే కుడంపులి జాతికి చెందిన గార్సీనియా సారం బరువు తగ్గిస్తుందన్న ప్రచారం 1998లో పరీక్షకు నిలువలేదు. పైగా దానితో కాలేయం చెడిన ఉదంతాలు ఉన్నాయి. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, ద్రవ్యాల పట్టిక లేని పొడిని ఇంటికి తేవద్దు.

ఇంట్లో చేసుకొనదగినది

స్థూలునికి కడుపు నిండేటట్లు గురుత్వం కలిగి, పోషణ తక్కువగా ఇచ్చే ఆహారం చరకుని సూత్రం. యవలు, పెసలు, ఉలవలు, మజ్జిగ ఆయన చెప్పినవే. ఉదయం బార్లీ జావలో పలుచని మజ్జిగ కలిపి త్రాగండి. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, గట్టి పెసరపప్పు, ఒక కప్పు ఆకుకూర పెంచండి. ముందు కూర, పప్పు తిని, ఆ తరువాత అన్నం కలుపుకోండి. సాయంత్రం జంతికలకు బదులు ఉడికించిన ఉలవలు లేదా శనగలు గుప్పెడు తినండి. రాత్రి భోజనం ఎనిమిదింటికి ముగించండి. నలుగురి ఇంటికి నెలకు ఎన్ని లీటర్ల నూనె వస్తున్నదో ఒకసారి లెక్క వేయండి. ఆ లెక్క చాలామందికి కనువిప్పు.

వేడినీటిలో తేనె కలిపి త్రాగే అలవాటు మన ఇండ్లలో ఉన్నది. తేనెను వేడితో చేర్చరాదని ఆయుర్వేదమే చెప్పినది. త్రాగదలచినవారు చల్లని నీటిలో ఒక చెంచా మించకుండా కలుపుకోవచ్చును. మధుమేహులు మానుటే మంచిది. రోజూ నలభై నిమిషాల నడకతోపాటు, వారానికి రెండు మూడు రోజులు కండకు పని కల్పించే వ్యాయామం చేయవలెను. గోడకు చేతులాన్చి తోయుట, కుర్చీలోనుండి చేతి సాయం లేకుండా లేచి కూర్చొనుట సరిపోతాయి. మందు తీసుకొనేవారికి కూడ ఇదంతా తప్పనిసరే.

ఇంటి చికిత్సతో ఏడాదిలో మూడు నాలుగు కిలోలు తగ్గి, నడుము కొలత దిగితే అది చిన్న విజయం కాదు. రక్తపోటు, చక్కెర కూడ దానితో దిగుతాయి. శ్రద్ధగా ఆరు నెలలు పాటించినా ఫలితం లేక, జబ్బులు మీదపడుతుంటే మందు తీసుకొనుటలో సిగ్గుపడవలసినది లేదు. ముందుగా ఒక కాగితం తీసుకొని మీ ఎత్తు, బరువు, నడుము కొలత, రక్తపోటు, వాడుతున్న మందులు వ్రాసుకోండి. ఆ కాగితాన్ని మీ వైద్యుని ముందు ఉంచి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు అడిగి, ఆ తరువాతనే ఒక నిశ్చయానికి రండి.