పాత కారు క్లచ్చి జారుతున్నప్పుడు

పాత కార్లు గలవారి నుండి మేము తరచుగా వినే మాట ఒకటి ఉన్నది: "క్లచ్చి ప్లేటు కొత్తది వేయించాము, మూడు నెలలైనా కాలేదు, మళ్లీ జారుతున్నది." ఇందులో కొత్త ప్లేటు దోషం ఉండడం అరుదు. పాత ప్లేటు ఎందువల్ల చెడిపోయినదో తెలిసికొనకుండా దానిని మార్చడమే దోషం. ప్లేటును కంటితో చూడవలెనంటే గేరు బాక్సును దింపవలెను. కొన్ని కార్లలో ఇంజనునే పైకి తీయవలెను. అది ఒక పూటలో తేలే పని కాదు, తక్కువ ఖర్చుతో అయ్యేదీ కాదు. కనుక విప్పక ముందు చేయదగిన పరీక్షలు ఏవో, విప్పిన తరువాత చూడవలసినవి ఏవో వరుసగా చెప్పుకొందాం.

ఉదాహరణకు అంబాసిడరు కారును తీసికొందాం. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దీనిని 1950ల చివరి నుండి 2014 వరకు తయారుచేశారు. ఉత్పత్తి ఆగిపోయినా, దీనిని అపురూపంగా కాపాడుకొనే కుటుంబాలు మన ప్రాంతంలో నేటికీ ఉన్నవి.

క్లచ్చి నిర్మాణం సులభంగానే బోధపడుతుంది. ఇంజను చివర ఫ్లైవీలు అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి ఎదురుగా ప్రెజరు ప్లేటు ఉంటుంది. ఈ రెంటి నడుమ, ఇరువైపులా లైనింగు అతికిన క్లచ్చి ప్లేటు అడకత్తెరలో పోకచెక్కవలె ఇరుక్కొని ఉంటుంది. బిగించి పట్టి ఉంచేది స్ప్రింగుల బలం. పెడలు తొక్కితే రిలీజు బేరింగు ముందుకు జరిగి మీటలను నొక్కుతుంది. స్ప్రింగుల పట్టు సడలుతుంది. ఇంజనుకు, గేర్లకు సంబంధం తెగుతుంది. పెడలు వదలితే తిరిగి పట్టు కలుగుతుంది. పెడలు పూర్తిగా వదలినా ఆ పట్టు చాలకపోవడమే క్లచ్చి జారడం.

దీని మొదటి లక్షణం చెవికి తెలుస్తుంది. ఆక్సిలరేటరు నొక్కగానే ఇంజను రొద పెరుగుతుంది, కాని కారు వేగం అందుకు తగినట్లు పెరగదు. సమతలం మీద మామూలుగా నడిచే కారు కూడా, మనుషులతోనూ సామానుతోనూ నిండి, తిరుమల కనుమదారి వంటి ఎత్తు ఎక్కేటప్పుడు ఈ గుణం చూపుతుంది. జారుడు ముదిరితే కమురు వాసన వస్తుంది. ఇంజనులోనే శక్తి తగ్గినప్పుడు కూడా కారు ఎత్తు ఎక్కదు. అయితే అప్పుడు ఇంజను రొద సైతం కుంగిపోతుంది. బ్రేకులు పట్టుకొని ఉన్నా కారు బరువుగా నడుస్తుంది. అప్పుడు చక్రాల నడిబొడ్డులు వేడెక్కి ఉంటాయి. ఈ మూడింటికీ తేడా గుర్తించనిదే షెడ్డుకు పోరాదు.

అనుమానం తీర్చుకొనేందుకు ఒక పరీక్ష ఉన్నది. మనుషులు ఎవరూ లేని సమతల ప్రదేశంలో కారు నిలిపి, హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు అడ్డు పెట్టవలెను. ఇంజను నడిపి, టాపు గేరు వేసి, ఆక్సిలరేటరు కొద్దిగా మాత్రమే నొక్కి, క్లచ్చి పెడలును మెల్లగా పూర్తిగా వదలవలెను. క్లచ్చి బాగుంటే ఇంజను ఆగిపోతుంది. ఆగక నడుస్తూనే ఉంటే క్లచ్చి జారుతున్నదన్నమాట. వెంటనే పెడలు తొక్కి ఇంజను ఆపివేయవలెను. ఒక్కసారి చూస్తే చాలును. పదే పదే చేస్తే పరీక్షయే ప్లేటును కాల్చివేస్తుంది.

జారుతున్నదని తేలిన తరువాత మొట్టమొదట చూడవలసినది పెడలులోని వదులు. మెకానిక్కులు దీనిని ప్లే అంటారు. పెడలును చేతితో నొక్కితే, గట్టిదనం తగలక ముందు కొంత దూరం తేలికగా దిగవలెను. అనేక పాత కార్లకు ఇది సుమారు 20 మిల్లీమీటర్లు, అనగా ముప్పావు అంగుళం. మీ కారు పుస్తకంలో ఇచ్చిన కొలతయే ప్రమాణం. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. బ్రేకు అరిగితే పెడలు లోతుకు దిగుతుంది. క్లచ్చి లైనింగు అరిగితే మాత్రం వదులు తగ్గుతుంది. లైనింగు పలుచబడిన కొద్దీ ప్రెజరు ప్లేటు ఫ్లైవీలు వైపు జరుగుతుంది. దాని మీటల కొనలు వెనుకకు వచ్చి రిలీజు బేరింగును తాకుతాయి. వదులు పూర్తిగా పోయినప్పుడు, ఎవరో పెడలు మీద ఎల్లవేళలా కాలు ఆనించినట్లే అవుతుంది. అప్పుడు సర్దుబాటు నట్టును తిప్పి వదులును తిరిగి కల్పిస్తే చాలును. లైనింగులో దళసరి మిగిలి ఉంటే జారుడు అంతటితో ఆగిపోతుంది. పెద్ద పని తప్పుతుంది.

కొన్ని కార్లలో పెడలు బలం నూనె ద్వారా క్లచ్చికి చేరుతుంది. అటువంటి వాటిలో నూనె వెనుకకు మరలే దారి మూసుకొనిపోతే, పెడలు వదలినా ఒత్తిడి మిగిలిపోతుంది. కింది సిలిండరు వద్ద గాలి తీసే మరను కొద్దిగా వదులు చేసినప్పుడు, బంధింపబడిన నూనె వెలికి చిమ్మి జారుడు ఆగితే, లోపం ప్లేటులో లేదు, పై సిలిండరులోనో గొట్టంలోనో ఉన్నది.

రెండవ కారణం లైనింగుకు నూనె అంటడం. ఇంజనుకు, గేరు బాక్సుకు నడుమనున్న గుల్ల అడుగున చిన్న రంధ్రం ఉండడం పాత కార్లలో పరిపాటి. అక్కడ నూనె బొట్లు కనబడితే లోపల ఏదో కారుతున్నదని గ్రహించవలెను. నూనె పీల్చిన లైనింగు కడిగినందువల్ల బాగుపడదు. వేడెక్కగానే పీల్చిన నూనె మళ్లీ పైకి తేలుతుంది. లోపలికి పెట్రోలు పోసి కడగడం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది. ఎవరు చెప్పినా చేయవలదు. మూడవ కారణం లైనింగు పూర్తిగా అరగడం, లేక స్ప్రింగులు బలహీనపడడం. వదులు సరిగా ఉండి, నూనె జాడ లేక, అయినా జారుతున్నదంటే ఇదియే కారణం. అప్పుడు విప్పక తప్పదు.

విప్పేటప్పుడు జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందకు ఎవరూ దూరరాదు. గట్టి స్టాండ్లు ఉండవలెను. బ్యాటరీ తీగ ముందే తీయవలెను. గేరు బాక్సు బరువు దాని ఇరుసు మీద వేలాడితే ప్లేటు వంగుతుంది. కనుక బాక్సును చివరిదాకా కింద నుండి ఎత్తి పట్టవలెను. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన హాని చేస్తుంది. గాలి కొట్టి ఊదక, తడిగుడ్డతో తుడవవలెను.

లోపల చూడవలసినవి నాలుగు. లైనింగు రివెట్ల తలల దాకా అరిగినదా? ఫ్లైవీలు ముఖం మీద నీలపు మచ్చలు, పగుళ్లు ఉన్నవా? రిలీజు బేరింగు అరిగినదా? నూనె ఏ వైపు నుండి వచ్చినది? ఫ్లైవీలు వైపు తడి ఉంటే ఇంజను వెనుక భాగాన్ని, వెలుపలి వైపు తడి ఉంటే గేరు బాక్సును అనుమానించవలెను. ఆ కారుడు మాన్పిన తరువాతనే కొత్త ప్లేటు వేయవలెను. మొదట చెప్పిన మూడు నెలల ఫిర్యాదుకు మూలం సాధారణంగా ఇక్కడనే ఉంటుంది. ఇంత పని చేసి విప్పిన తరువాత ప్లేటు, ప్రెజరు ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్చడమే పొదుపు.

కొత్త ప్లేటును ముట్టుకొనే చేతులకు నూనె ఉండరాదు. ప్లేటు ఏ ముఖం ఎటు ఉండవలెనో చూచి, పాత గేరు ఇరుసును గాని, అదే కొలతకు చెక్కిన కర్రను గాని గుచ్చి నడిమికి సరిచేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవలెను. చివరకు పెడలు వదులును కొలిచి సరిచేయవలెను. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువులు, కనుమలు మానుకొంటే లైనింగు చక్కగా కుదురుకొంటుంది.

దారిలోనే జారుడు మొదలైతే కారు ఆపి చల్లారనివ్వవలెను. సమతలమైతే, బరువు తగ్గించి, ఆక్సిలరేటరు మెల్లగా నొక్కుతూ సమీపంలోని ఊరు చేరవచ్చును. కనుమ అడుగున ఉన్నప్పుడు మాత్రం సాహసించి ఎక్కవలదు. సగం ఎత్తులో పట్టు పూర్తిగా తప్పితే కారును ముందుకు నడిపే బలం ఉండదు, వాలులో వెనుకకు లాగే బరువు మాత్రం ఉంటుంది. అప్పుడు మిగిలే ఆధారం బ్రేకు ఒక్కటే.

ఇక నడిపేవారి అలవాటు. గేరు మార్చిన వెంటనే పాదాన్ని పెడలు మీద నుండి తీసి పక్కన ఉంచవలెను. ఎత్తులో ఆగినప్పుడు క్లచ్చితో కారును నిలబెట్టక, హ్యాండు బ్రేకుతో నిలపవలెను. నెలకొకసారి పెడలును చేతితో నొక్కి ఆ ముప్పావు అంగుళం ఉన్నదో లేదో చూచుకొనడానికి ఒక్క నిమిషం పడుతుంది.