మనకెందుకొచ్చిన గొడవ

తప్పు జరుగుతోందని తెలిసీ నోరు మెదపని ఉద్యోగిని చూస్తే ‘చొరవ లేదు’ అని చప్పున అనేస్తాం. అది అతని స్వభావమని తేల్చేసి, ఉత్సాహం నింపడానికి ఓ వక్తను పిలిపించి రెండు గంటలు ఉపన్యాసం ఇప్పిస్తాం. ఆ నిర్ధారణ దగ్గరే పొరపాటు ఉందని నా నమ్మకం. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అనుకునే మనిషి చాలాసార్లు లెక్క తెలిసినవాడు. స్టాకులో తేడా ఉందని చెప్పినవాడి నెత్తినే ఆ లెక్కంతా సరిచేసే పని పడటం కళ్లారా చూశాడు. కొత్త పద్ధతి సూచించినవాడు, అది బెడిసికొట్టినప్పుడు నలుగురిలో మాట పడటమూ చూశాడు. ముందుకొస్తే నష్టం తనకి, ఊరుకుంటే కంపెనీకి. ఈ లెక్క మారనంతవరకు ఎంత చెప్పినా అతను కదలడు. మారిన రోజున అదే మనిషి కదులుతాడు.

‘అదే మనిషి’ అని ఊరికే అనడం లేదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఓ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. డుమ్మాలకు, తగాదాలకు, నాసిరకం కార్లకు అది పేరుమోసింది. ఏ రోజు చూసినా ఇంచుమించు ఐదుగురిలో ఒకరు పనిలోకి వచ్చేవారు కాదు. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టయోటాతో కలిసి ‘నుమ్మి’ పేరుతో తిరిగి తెరిచినప్పుడు తీసుకున్నది ఎక్కువగా ఆ పాత కార్మికులనే. యూనియనూ పాతదే. పూర్వం అక్కడ ఏం జరిగినా లైను ఆగకూడదు. లోపమున్న కారునూ ముందుకు తోసేసేవారు. కొత్త ఫ్యాక్టరీలో కార్మికుడి చేతికందేలా పైన ఒక తాడు కట్టారు. బోల్టు సరిగా కూర్చోకపోయినా, పని వెనకబడినా లాగొచ్చు. లాగగానే దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వచ్చి ఏమైందని అడిగి తనూ ఓ చెయ్యి వేస్తాడు. కారు ఆ చోటు దాటేలోపు సరికాకపోతేనే లైను ఆగుతుంది. కొద్దికాలంలోనే గైర్హాజరు రెండు మూడు శాతానికి దిగింది. ఆ కార్ల నాణ్యత జపాన్ కార్లతో పోటీపడింది.

అది జపాన్ క్రమశిక్షణ, మనకు కుదరదంటారు కొందరు. తాడు లాగిన చేతులు అమెరికన్లవి కదా! మరి తాడు కడితే చాలా? చాలదు. 1988లో అమ్మకాలు బాగా పడిపోయినప్పుడు ఆ ఫ్యాక్టరీ ఎవరినీ ఇంటికి పంపలేదు. మిగిలిన సమయంలో శిక్షణ ఇచ్చింది. తప్పు చూపిస్తే ఉద్యోగం పోదన్న మాటకు కార్మికుడి దృష్టిలో విలువ వచ్చేది ఇలాంటప్పుడే. చివరికి 2010లో అదీ మూతపడింది కదా అనొచ్చు. అంతకు ముందే జనరల్ మోటార్స్ దివాలా తీసి భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. ఆ భారం తాడు లాగినవాళ్ల మీద మోపలేం. ఎంత చేసినా కదలనివారు కొందరు ఉంటారు, నిజమే. కానీ చెప్పినవాడికి దెబ్బ తగిలే చోట వాళ్లెవరో, భయపడి ఊరుకున్నవాళ్లెవరో విడదీసి చూడటం ఎవరి తరమూ కాదు.

పదిమంది పనిచేసే ఆఫీసులో తాళ్లూ దీపాలూ ఉండవు. అక్కడ పై అధికారి నోటివెంట వచ్చే మొదటి మాటే తాడు. ‘ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?’ అంటే అది తెగినట్టే. పని చెడినప్పుడు ఆయన ఎక్కడ నిలబడతాడన్నది ఇంకా ముఖ్యం. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేఖరుల ముందుకు మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ వెళ్లి, వైఫల్యాన్ని తన మీద వేసుకుని, తన బృందం మీద నమ్మకం ఉందని చెప్పారు. ఆ బృందం చెదరలేదు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేఖరులతో మాట్లాడమని ధావన్ పంపింది కలాంను.