వీధిదీపాలూ, పురపాలక సంఘం పద్దూ

వీధిదీపం అందరికీ కనిపిస్తుంది. దాని బిల్లు మాత్రం ఎవరికీ కనిపించదు. ఒక్క దీపం లెక్క చూద్దాం. 150 వాట్ల సోడియం దీపం, చోక్ తినేదానితో కలిపి, సుమారు 170 వాట్లు లాగుతుంది. దాని వెలుతురు నాలుగు పక్కలా చిమ్ముతుంది. ఎల్.ఇ.డి. వెలుతురును సూటిగా రోడ్డు మీదికే దించవచ్చు గనుక అక్కడ 70 వాట్లు సరిపోతాయనుకోండి. మిగిలే 100 వాట్లు, రాత్రికి 11 గంటల చొప్పున, ఏడాదికి 400 యూనిట్లు!

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో స్తంభాలను కూల్చేశాక, ఇ.ఇ.ఎస్.ఎల్. అనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ నగరమంతటా ఎల్.ఇ.డి.లు బిగించింది. పెట్టుబడి ఆ సంస్థది. ఆదా అయిన కరెంటు డబ్బులోంచి నగరపాలక సంస్థ వాయిదాల్లో తీర్చాలి. చేతిలో చిల్లిగవ్వ లేని పంచాయతీకైనా పనికొచ్చే పద్ధతే. కాకపోతే పాత వాడకం ఎంతో మీటరు చెప్పాలి. మీటరే లేనిచోట పొదుపు లెక్క ఎవరి ఇష్టం వాళ్లది.

అదే నగరంలో 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల సౌరఫలకాలను తేలేట్టు పరిచారు. స్థలం వెతుక్కునే పని లేదు. ఫలకం వేడెక్కితే ఉత్పత్తి పడిపోతుంది. నీటి చలువ దాన్ని కాస్త ఆపుతుంది. నీడ పడినంత మేర నీరూ తక్కువ ఆవిరవుతుంది.

ఇంత చదివిన నాకు, మా హాస్టలు రోడ్డులో పట్టపగలు 10 గంటలకి వెలిగే దీపాల్ని చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక్క టైమర్ స్విచ్చి చాలు, ఆ పెట్టె కింది దీపాలన్నీ తెల్లారేసరికి ఆరిపోతాయి. మన సంఘం వార్డు ఆఫీసుకి ఇవ్వబోయే అర్జీలో మొదటి కోరిక అదే.