మెరిసే దీపం మతిమరుపును మాన్పుతుందా?

పెద్దవాళ్ల మతిమరుపుకు మెరిసే దీపాలు వచ్చాయట, సంఘం తరఫున కొని పంచితే ఎలా ఉంటుందని ఈ మధ్య కొందరు దాతలు మమ్మల్ని అడుగుతున్నారు. సదఖా సొమ్ము ఖర్చుపెట్టే ముందు సంగతి తెలుసుకోవాలి గనుక, మేము చదివి తెలుసుకున్నది రాస్తున్నాం.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో వందకు ఏడుగురికి పైగా డిమెన్షియాతో ఉన్నారని అంచనా. అందులో ఎక్కువగా కనిపించేది అల్జైమర్స్. ఈ జబ్బులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ మెదడులో గడ్డలుగా పేరుకుంటుంది. మెదడు కణాలు కలిసి పలికే గామా అనే వేగమైన లయ కూడా దెబ్బతింటుంది. బయటి నుంచి ఆ లయను అందిస్తే ఏమవుతుంది? అమెరికాలో ఎం.ఐ.టి. శాస్త్రవేత్త లీ-హ్యూయే సాయ్ బృందం, ఈ జబ్బు లక్షణాలు వచ్చేలా పెంచిన చిట్టెలుకల ముందు సెకనుకు 40 సార్లు మెరిసే దీపాన్ని గంటసేపు వెలిగించింది. చూపుకు సంబంధించిన మెదడు భాగంలో అమిలాయిడ్ దాదాపు సగం తగ్గింది. అయితే ఒక్క రోజులో మళ్లీ మొదటికొచ్చింది. ఇది 2016 నాటి మాట. 2019లో అదే లెక్కన శబ్దం కూడా వినిపిస్తే జ్ఞాపకశక్తికి కీలకమైన భాగంలోనూ మార్పు కనిపించింది. సూది లేదు, కోత లేదు. ఆశ పుట్టడం సహజమే.

కానీ చిట్టెలుక వేరు, మన నానీ వేరు. పైగా 2023లో న్యూయార్క్‌లో గ్యోర్గీ బుజాకీ ప్రయోగశాల చిట్టెలుకల మీదే మళ్లీ చేసి చూస్తే అమిలాయిడ్ తగ్గలేదు. మనుషులపై ఆరు నెలలు జరిగిన ఒక చిన్న పరీక్షలో పరికరం పెద్దగా హాని చేయలేదు, రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గడం నెమ్మదించినట్టు కనిపించింది. ముఖ్యంగా కొలవదలచిన వాటిలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. బజారులో దొరికే దీపాలు ఆ పరికరాలు కావు. ఫిట్స్ ఉన్నవారికి మెరుపు కాంతి ప్రమాదం కూడా.

కంటిద్వారా, చెవిద్వారా మెదడుకు మేలు చేసే పాత దారి ఒకటుంది. డిమెన్షియాకు సంబంధించి మనం సరిదిద్దుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ కమిషన్ గుర్తించింది. వినికిడి లోపం, చికిత్స చేయించని చూపు లోపం వాటిలో ఉన్నాయి. అజాన్ వినబడక నమాజు వేళ ఇంట్లోవాళ్లను అడిగే పెద్దలు మన మొహల్లాల్లో ఎందరో! పిలిస్తే పలకకపోతే మతి పోయిందనుకుంటాం. చెవి పరీక్ష చేయించిన ఇళ్లు ఎన్ని?

అందుకే సంఘం సొమ్ముతో దీపాలు కొనవద్దని, వినికిడి యంత్రాలకు, కంటి శుక్లాల ఆపరేషన్లకు, కళ్లద్దాలకు వెచ్చించాలని మా అభిప్రాయం. దాత చెప్పిన పనికి తప్ప అమానతు సొమ్మును ముట్టుకోకూడదు గనుక, దీపాల కోసమని ఇచ్చినవారు ఈ మార్పుకు సమ్మతి తెలియజేస్తే చాలు. సమ్మతి లేకుంటే సొమ్ము తిరిగి ఇచ్చేస్తాం.