కుచ్చిళ్లలో దాగిన మీట

హోసూరు పాఠకుడొకరు ఉత్తరం రాశారు: "ప్రొటీన్ తయారుచెయ్యని ఆర్‌ఎన్‌ఏ పెద్దపేగు క్యాన్సర్‌కి ఎలా కారణమవుతుందండీ?" రాయాలనుకున్న వ్యాసం పక్కన పడేసి దీని మీద కూర్చున్నాను.

ముందు రెండు ముక్కలు. మన డీఎన్‌ఏలో ప్రొటీన్ల కోసం ఉన్నది 2 శాతం లోపే. మిగతాదాంట్లో చాలా భాగం కూడా ఆర్‌ఎన్‌ఏగా నకలవుతూనే ఉంటుంది. ఆ నకళ్లలో 200 అక్షరాలు దాటినవే మన కథానాయకులు. ప్రొటీన్లు తయారుచెయ్యని ఈ మిగతా డీఎన్‌ఏకి 1972లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో 'జంక్' అని పేరు పెట్టాడు. కృష్ణగిరిలో తోతాపురి గుజ్జు తీసుకుని టెంకలు పారబోసినట్టు, జీవశాస్త్రం చాలాకాలం దాన్ని పారబోసింది. ఓనో పూర్తిగా తప్పని మాత్రం అనను. ఆ కుప్పలో చెత్తా ఉంది, మొలకెత్తే టెంకలూ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. 8వ క్రోమోజోము మీద మిక్ అనే జన్యువుంది, కణాన్ని విభజించమని తొందరపెట్టేది. దాని పక్కన లక్షల అక్షరాల మేర ప్రొటీన్ జన్యువులు కనబడక శాస్త్రవేత్తలు 'జన్యు ఎడారి' అనేశారు. 2007లో వేలమంది డీఎన్‌ఏని పోల్చి చూస్తే, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెంచే ఒక అక్షరం సరిగ్గా ఆ ఎడారిలోనే తేలింది! అక్కడ కొందరికి టి, కొందరికి జి. ఒక్కో జి ముప్పుని ఇంచుమించు ఐదో వంతు పెంచుతుంది. మిక్ మాత్రం అక్కడికి 3,35,000 అక్షరాల దూరం.

ఆ అక్షరమున్న చోటు మిక్‌ని నడిపే మీట. ఇంత దూరం నుంచి అది ఎలా పనిచేస్తుంది? ఆ డీఎన్‌ఏని తిన్నగా సాగదీస్తే మిల్లీమీటరులో పదో వంతు. కణకేంద్రకం వెడల్పు అందులో ఇరవయ్యో వంతే. మడతపడక ఎక్కడికి పోతుంది? చీర కుచ్చిళ్లు పోసేటప్పుడు మూరెడు ఎడంగా ఉన్న అంచులు వేళ్ల మధ్య ఒకదానిమీదొకటి పడతాయి కదా, అలా మీటా జన్యువూ తాకుతాయి. మడత జారకుండా పిన్నీసు కావాలి. 2014లో చైనా పరిశోధకులు ఆ పిన్నీసుల్లో ఒకదాన్ని పట్టుకున్నారు: సీక్యాట్1-ఎల్ అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ. దాన్ని తగ్గిస్తే మడత వదులై మిక్ నెమ్మదించింది. అంతకు ముందేడాది హ్యూస్టన్‌లో కాలిన్ అనే శాస్త్రవేత్త బృందం, ఆ జి/టి అక్షరం సీక్యాట్2 అనే మరో ఆర్‌ఎన్‌ఏలోనే ఉందని చూపింది. 'ఎడారి' అన్నవాళ్ల మొహాలు ఊహించుకుని నవ్వుకున్నాను.

సీక్యాట్2 చేయి కలిపేది, కణాన్ని పెరగమని చెప్పే వింట్ సంకేతంతో. ఇక్కడే మనవాళ్ల మెలిక. హైదరాబాద్ సీడీఎఫ్‌డీ పరిశోధనాసంస్థలో మురళీధరన్ బాష్యం బృందం మన దేశంలో చిన్నవయసులో వచ్చే పెద్దపేగు క్యాన్సర్లను చూస్తే, చాలావాటిలో వింట్ మేల్కొననేలేదు. కాబట్టి హ్యూస్టన్ కథని హోసూరు రోగికి యథాతథంగా అతికించలేం.

మందులా? ఈ ఆర్‌ఎన్‌ఏలను పట్టి ఆపేది ఆసుపత్రిలో ఇంకా లేదు. "నాది జి అక్షరమా, టి అక్షరమా, పరీక్ష చేయించుకోనా?" అని రెండో ఉత్తరం రాకముందే చెబుతున్నాను, డబ్బు దండగ. మలంలో రక్తం పడితే మాత్రం మొలలేలే అని నెలలు గడపకుండా, డాక్టర్ని కొలనోస్కోపీ గురించి అడగండి.