హెలికాప్టర్ ఎగురుటకు ముందు

ఆర్మూర్, ముప్కాల్ ప్రాంతపు పసుపు రైతు సరుకును నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పంపుటకు ముందు ఎండిన కొమ్మునొకదానిని విరిచి చూచును. లోపల తేమ మిగిలియున్నచో అది వంగును. బాగుగా ఎండినచో టప్పున విరుగును. వెనుకటి దినములలో ఎడ్లబండి కట్టిన పెద్దలు ఇరుసు చివరనున్న కడచీలను చేతితో తాకి చూడనిదే బండిని కదిలించెడివారు కారు. అరచేతిలో ఇమిడెడి ఆ ఇనుప ముక్క జారిపోయినచో చక్రమే ఊడిపోవును. హెలికాప్టర్ ఎగురుటకు ముందు దానిని పరీక్షించు పద్ధతిలో ఉన్నదియు ఈ కడచీల నీతియే.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశపు అలూయెట్-3 నమూనాను అనుమతిపై హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ మన దేశమున నిర్మించి, దానికి చేతక్ అని పేరిడినది. సికింద్రాబాద్ సమీపమున హకీంపేటలోని వైమానిక దళపు శిక్షణ పాఠశాలలో ఎందరో చోదకులు ఈ చేతక్‌పైననే హెలికాప్టర్ నడుపుట నేర్చిరి. పౌర రంగమున మిక్కిలి వ్యాప్తి చెందిన తేలిక రకము అమెరికా వారి బెల్ 206. దానినే ఉదాహరణగా తీసుకొందము.

బెల్ 206లో ఒకే ఇంజను, తలపై రెండు రెక్కలు ఉండును. రెక్కలు తిరుగు వృత్తపు వ్యాసము సుమారు 10 మీటర్లు. అవి నిమిషమునకు సుమారు 394 మార్లు తిరుగును. లెక్క కట్టినచో రెక్క కొన గంటకు సుమారు 750 కిలోమీటర్ల వేగమున గాలిని కోయుచుండునన్నమాట. ఇంజను ఆగినను, పైకి వీచు గాలితో రెక్కలను తిరుగనిచ్చుచు చోదకుడు క్రిందికి దిగగలడు. కాని రెక్క వాలును మార్చెడి చిన్న కడ్డీ విరిగినచో అట్టి ఉపాయమేదియు లేదు. అందువలననే ఇంజనుపై ఎంత శ్రద్ధయో, ఒక్కొక్క మేకుపైనను అంత శ్రద్ధ అవసరము.

పరీక్ష కాగితములతో మొదలగును. ముందటి ప్రయాణమున వ్రాసిన లోపములేవి, వానిని సరిచేసినట్లు సంతకము కలదా అని చోదకుడు చూచును. తరువాత యంత్రమునకు తొడిగిన మూతలు, రెక్కలను కట్టిన పట్టీ తీసివేయబడినవా అని చూచును. పట్టీని మరచి ఇంజను తిప్పుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

దినమున మొదటి ప్రయాణమునకు ముందు ఇంధనపు తొట్టి అడుగు నుండి కొంత ద్రవమును గాజు పాత్రలోనికి వదలి చూడవలెను. ఈ ఇంధనము కిరోసిన్ జాతిది, నీటికంటె తేలిక. కనుక రాత్రి చేరిన నీరు అడుగున నిలుచును. పాత్రలో నీటి బొట్టు గాని, మడ్డి గాని కనబడినచో శుద్ధమైన ఇంధనము వచ్చువరకు వదలుచుండవలెను.

పిమ్మట చోదకుడు ముక్కు భాగము నుండి యంత్రము చుట్టును క్రమముగా తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చును. వేగమును కొలిచెడి గొట్టములో పురుగు గూడు కట్టలేదు గదా? ఇంజనునకు గాలి పోవు ద్వారమున ఆకులు, మరచిపోయిన గుడ్డపేలిక లేవు గదా? గేరుపెట్టెల చమురు, గాజు కిటికీలో ఉండవలసిన మట్టమున ఉన్నదా? పైకెక్కి రెక్కల మూలమున బోల్టులు, కడ్డీలు, కీళ్ళు చేతితో కదలించి చూచును. రెక్కల అంచున పగులు, సొట్ట కలదా అని పరీక్షించును. తోక రేకుల వద్ద రివెట్టు చుట్టు నల్లని పొడి చారగా కనబడినచో అది వదులైనదని సూచన. తోక రెక్క చిన్నదే. అయినను అది లేనిచో ప్రధాన రెక్కల తిరుగుడుకు ప్రతిగా యంత్రపు దేహమే గిరగిర తిరిగిపోవును. చివరకు తెరచిన ప్రతి తలుపును, మూతను మూసి, గడియ పడినదా అని లాగి చూచును.

ఈ పనిలో కన్నుకంటె మనస్సుకే పరీక్ష ఎక్కువ. నడుమ ఎవరేని పిలిచినచో ఆ భాగమును మరల మొదటి నుండి చూడవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. "ఇంతవరకు చూచితిని" అనుకొన్న చోటనే మరపు పొంచియుండును. గొప్పవారు వేచియున్నారన్న తొందర మరియొక శత్రువు.

పరీక్ష ఒక్కటే సర్వమనియు మేము చెప్పుటలేదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారు భీమవరము నుండి బయలుదేరిన బెల్ 206 కైకలూరు సమీపమున కూలి ఆయన మరణించిరి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో బేగంపేట నుండి బయలుదేరిన బెల్ 430 నల్లమల అడవిలో కూలినది. అందున్న ఐదుగురును మరణించిరి. గేరుపెట్టె చమురు పీడన సమస్యపై చోదకుల దృష్టి నిలిచియుండగా, చెడు వాతావరణమున బలముగా క్రిందికి వీచు గాలిలో యంత్రము చిక్కుకొనెనని విచారణ సంఘము తేల్చినది. ఆకాశమును, వాతావరణ సమాచారమును చూచుట కూడ పరీక్షలో భాగమే. "నేడు ఎగురరాదు" అని చెప్పగల ధైర్యము ఆ పరీక్షకు ఫలము.

ఒంటెను కట్టివేసి, ఆ పిదప అల్లాహ్‌పై భారముంచుమని ప్రవక్తవారి బోధ. తవక్కుల్ అనగా జాగ్రత్తను విడుచుట కాదు. ప్రయాణికుని ప్రాణము చోదకుని చేతిలోని అమానత్. అదే విధముగా మన కళాశాల ప్రయోగశాలలో గ్యాసు కొళాయి మూసి చూచు విద్యార్థి, బస్సు బయలుదేరుటకు ముందు బ్రేకు త్రొక్కి చూచు డ్రైవరు కూడ ఒక అమానత్‌ను మోయుచున్నారు. జరుగకుండ ఆగిన ప్రమాదము పత్రికలకెక్కదు. దానిని ఆపిన చేతికి ఎవరును పూలదండ వేయరు. అయినను ఆ చేయి ప్రతిదినము కడచీలను తాకి చూడవలసినదే.