‘కార్తీకదీపం’ ధారావాహిక: ఆదరణ, క్షీణత

తెలుగు టెలివిజన్ ధారావాహికలలో విశేష ప్రజాదరణ పొందినవాటిలో ‘కార్తీకదీపం’ ఒకటి. మలయాళ ధారావాహిక ‘కరుత్తముత్తు’ దీనికి మాతృక. ఇది కాపుగంటి రాజేంద్ర దర్శకత్వంలో 2017 అక్టోబరులో స్టార్ మా ఛానల్‌లో ప్రారంభమై 2023 జనవరిలో ముగిసింది. కోనసీమ పల్లె లోగిళ్ళ నుండి హైదరాబాదు అపార్ట్‌మెంట్ల వరకు దీప పాత్ర ‘వంటలక్క’గానే పరిచితం.

ఈ ఆదరణకు మూలం నాయిక చిత్రణ. దీప నల్లని మేనిఛాయ గల స్త్రీ. డాక్టరైన భర్త కార్తీక్ ఆమెను అనుమానించి దూరం చేయగా, వంటలు చేసి కూతురిని పెంచుతుంది. పెళ్ళిచూపులలో రంగును ఎంచే సమాజంలో ఇటువంటి నాయిక ఆత్మగౌరవానికి ప్రతీకగా నిలిచింది. అయితే నటి ప్రేమి విశ్వనాథ్‌కు ఆ నలుపును మేకప్‌తో కల్పించడం ఈ చిత్రణకున్న పరిమితిని తెలుపుతుంది.

కథ ప్రధానంగా ఒకే ప్రశ్నపై నడిచింది: భర్త నిజాన్ని ఎప్పుడు గ్రహిస్తాడు? మోనిత పన్నాగాల ద్వారా ఆ సమాధానాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేశారు. సమాధానం లభించాక కథలోని ఉత్కంఠ సడలింది. 2022లో దీప, కార్తీక్ ప్రమాదంలో మరణించినట్లు చూపి, వారి పిల్లలు పెద్దవారైన కథను నడిపారు. ఆదరణ తగ్గింది. కొన్ని నెలలకే ఆ ఇద్దరినీ తిరిగి ప్రవేశపెట్టినా పూర్వస్థితి రాలేదు.

2024లో అదే జంటతో ‘కార్తీకదీపం: నవవసంతం’ కొత్త కథగా ప్రారంభమైంది. ప్రేక్షకుల అనుబంధం కథాంశం కంటే పాత్రలతోనే గాఢమైనదని దీనివల్ల అవగతమవుతుంది.